మట్టి తీసే గొట్టం బాగుంది, దాంతో ఇచ్చిన సంచులే దండగ

పంటలకు తెగుళ్ళు తెచ్చే బూజుల మీద పని కాబట్టి పొలాల్లో మట్టి తీయడం నాకు మామూలే. ఇన్నాళ్ళూ పారతోనే లాగించాను. రెండు సీజన్ల కిందట స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం కిట్ ఒకటి కొన్నాను. అడ్డ పిడి, ఒక పక్క తెరిచి ఉన్న గొట్టం, కాలేసి తొక్కడానికి చిన్న మెట్టు, జిప్ సంచులు, ఒక బ్రష్షు. బాగా వాడాకే రాస్తున్నాను, కొత్త వస్తువు మోజు ఎప్పుడో దిగిపోయింది.

ముందు మంచి చెప్తాను. పారతో తవ్వితే గుంత పైన వెడల్పు, కింద ఇరుకు. జాగ్రత్తగా చెక్కకపోతే పైమట్టి ఎక్కువ, లోపలి మట్టి తక్కువ వస్తుంది. బూజులేమో అన్నీ ఒకే లోతులో ఉండవు. స్క్లెరోషియం రోల్ఫ్సీ అనే బూజు వదిలే ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలు ఎక్కువగా పై కొద్ది సెంటీమీటర్లలోనే బతికి ఉంటాయి, ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం వేర్ల వెంట ఇంకా లోపలికీ ఉంటుంది. గొట్టమైతే పైనుంచి కిందదాకా ఒకే మందం, 15 సెంటీమీటర్ల గీత దగ్గర ఆపితే ప్రతిసారీ అంతే మట్టి. పొలంలో అటూ ఇటూ వంకరగా నడుస్తూ 15, 20 చోట్ల తీసి బకెట్లో కలిపేవాళ్ళకి ఇది ఎంత హాయో తెలుస్తుంది. నడుము కూడా బతికింది.

అన్ని నేలల్లో ఇలా ఉండదు. తడి బంకమట్టిలో దింపితే లోపల ఇరుక్కుని వేలితో గీకి తీయాల్సొస్తుంది, పొడి ఇసుకలో పైకి లాగేలోపు సగం జారిపోతుంది, రాళ్ళున్న చోట మొదటి నెలలోనే అంచు వంగింది. ఎండి గట్టిపడిన నేలకైతే తిప్పుతూ దింపే ఆగరే నయం.

అసలు కోపం కిట్‌తో వచ్చిన కాగితం మీద. ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్ళేటప్పుడు బట్టతో తుడిస్తే చాలని రాశారు. మొదట్లో నేనూ నమ్మి అలాగే చేశాను. మొక్కలు వాడిపోతున్న పొలం అయ్యాక, ఒక్క మొక్కా వాడని పక్క పొలంలో తీశాను. ల్యాబ్‌లో బూజు పెంచి చూసే ప్లేట్లలో వేస్తే రెండింటిలోనూ ఫ్యుజేరియమే! అది ఆరోగ్యంగా ఉన్న నేలలోనూ ఉండే బూజే కదా, ఇది నిజంగా ఆ పొలానిదా, నా గొట్టం మోసుకెళ్ళిందా అన్నది తేలక, నమూనాలన్నీ పారేసి మళ్ళీ మొదటినుంచీ తిరిగాను. అప్పటినుంచి బ్రష్షుతో మట్టి పూర్తిగా దులిపి, నీళ్ళతో కడిగి, 70 శాతం ఆల్కహాల్ పట్టించి, ఆరాకే తర్వాతి పొలంలో దింపుతున్నాను. డీఎన్‌ఏ పరీక్షకు పంపేవాళ్ళకి ఇది కూడా సరిపోదు, ఆల్కహాల్ బూజును చంపుతుంది గానీ దాని డీఎన్‌ఏను పోగొట్టదు. బ్లీచ్ పట్టించి, వెంటనే మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్ మీద కూడా గుంటలు పడతాయి. ఇంత కడిగినా మెట్టు వెల్డింగ్ చేసిన మూలలో మట్టి దాక్కుంటూనే ఉంది, అక్కడికి బ్రష్షు పోదు. ఇది డిజైన్ తప్పే.

సంచుల సంగతి ఇంకా ఘోరం. జిప్ బిగించి ఎండలో గంట ఉంచితే లోపల చెమట పట్టి మట్టి ఉడికిపోతుంది, ఏ బూజు చస్తుందో ఏది పెరుగుతుందో మన చేతుల్లో ఉండదు. అలాంటి మట్టిని ప్లేట్లో వేస్తే, నాకు రైజోపస్ అనే వేగంగా పెరిగే బూజు రెండు మూడు రోజుల్లో ప్లేటంతా కమ్మేసి, మెల్లగా పెరిగేవాటిని కనిపించనివ్వలేదు. రోజ్ బెంగాల్ అనే రంగు కలిపిన అగార్ (బూజు పెరగడానికి ప్లేట్లో పోసే జెల్లీ) వాడితే దాని దూకుడు కాస్త తగ్గుతుంది, అంతే. ఇప్పుడు సంచి మూతి కొంచెం వదులుగా ఉంచి, నీడలో ఐస్ పెట్టెలో పెట్టి, ల్యాబ్‌కి రాగానే 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పైన మార్కర్‌తో రాస్తే గొట్టం తుడిచే ఆల్కహాల్ తగిలి పొలం పేరే చెరిగిపోయింది ఒకసారి, అందుకే పెన్సిల్‌తో రాసిన చీటీ వేస్తున్నాను.

గొట్టానికి ఐదులో నాలుగు, సంచులకు సున్నా. మెట్టు బోల్టుతో బిగించే రకం దొరికితే అదే కొనండి, విప్పి కడుక్కోవచ్చు.