కంగారూ సంచి: పది వారాలు కట్టుకున్నాక

మా పాప 31వ వారంలో పుట్టింది. బరువు 1,420 గ్రాములు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ నిలవదని చుట్టాలావిడ ఒకరు వార్డు బయటే అనేశారు. ఆవిడ మీద కోపం నాకింకా పోలేదు. పాపకిప్పుడు రెండేళ్లు దాటాయి. నెలలు నిండని పిల్లను వెచ్చగా ఉంచడానికి ఎదకు ఆనించి కట్టుకునే కంగారూ సంచిని అప్పట్లో ఆన్‌లైన్‌లో 750 రూపాయలకు కొన్నాను. అదెలా ఉందని తెలిసినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, అందుకే రాస్తున్నాను.

పాపకు డైపరు, టోపీ, మేజోళ్లు తప్ప ఇంకేమీ వేయకుండా మన రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్లు కప్పలా మడిచి ఆనించి, పైనుంచి సంచి బిగించాలి. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనకూడదు, ఆనితే ఊపిరికి ఇబ్బంది. ఈ సంచితో వచ్చిన చిక్కంతా ఇక్కడే. మూడు కిలోల పిల్లకు కుట్టినట్టుంది అది. మా పాప పది నిమిషాల్లో కిందికి జారిపోయేది, మెడ వంగిపోయేది. మొదటి వారం దాన్ని నమ్మి కునుకు తీసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇక వెల్‌క్రో సంగతి. విప్పినప్పుడల్లా చర్రుమనే చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడేది. నాలుగు ఉతుకులకే దారప్పోగులు ఇరుక్కుని పట్టు సడలింది.

ఒక సిస్టర్ చూసి, "మెత్తబడ్డ నూలు చీర ఏదైనా ఉందామ్మా ఇంట్లో?" అన్నారు. మా అమ్మ పాత చీర ఒకటి చింపి ఆ సిస్టరే కట్టి చూపించారు: పై అంచు పాప చెవి కిందికి రావాలి, ముడి మన పక్కకు. ఆ రోజు నుంచి నేను చీరే కట్టాను. మా ఆయనకు మాత్రం ఎన్నిసార్లు చూపినా ఆ కట్టు రాలేదు. ఆయన చొక్కా విప్పి సంచి తగిలించుకుని, రాత్రి పది నుంచి రెండింటి దాకా దిండ్లకు ఆనుకుని కూర్చునేవారు. అత్తయ్య మొదట నవ్వారు గాని, తర్వాత మధ్యాహ్నం వంతు తనకే కావాలని అడిగి తీసుకున్నారు. పాప అరికాళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో తాకి చూడటం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ప్యాకెట్ మీద రాయని మాట, రోజుకు ఎన్ని గంటలన్నది. పిల్లను ఇలా ఎదకు కట్టుకునే పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది, అక్కడ ఇంక్యుబేటర్లు చాలక. పిల్ల స్థిమితపడేదాకా ఆగాలా, పుట్టగానే ఎదకు చేర్చాలా అన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలోనూ, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోనూ పరీక్షించి చూసింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని ఆలస్యం చేయకుండా తల్లి ఎద మీద పెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు పావు వంతు తగ్గాయని 2021లో ప్రకటించారు. ఆ పిల్లలు రోజుకు దాదాపు 17 గంటలు ఎద మీదే ఉన్నారట. ముగ్గురం వంతులేసుకున్నా మాకు 11 దాటలేదు. పైగా మేమున్న ఆస్పత్రిలో మొదటి తొమ్మిది రోజులు పాపను రోజుకు గంటకు మించి ఇవ్వనే లేదు. ఆ ఫలితాల గురించి అప్పటికే చదివాను, అడగడానికే నోరు రాలేదు. బిడ్డ దక్కుతుందో లేదో తెలియని గంటల్లో ఆ పరిశోధనకు ఒప్పుకుని సంతకం పెట్టిన తల్లులు ఎంతోసారి గుర్తొస్తారు. అందుకే ఇప్పుడు ఫాలో-అప్‌లో పాప వివరాలు పరిశోధనకు ఇస్తారా అని అడిగితే కాదనను.

సంచితో సంబంధం లేకపోయినా ఒక మాట. రెండు కిలోల లోపు గాని, 34 వారాలు నిండకుండా గాని పుట్టిన పిల్లలకు నెల తిరిగేలోపు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించాలి. మాకెవరూ చెప్పలేదు, పక్క మంచం ఆవిడ చెబితే పరుగెత్తాం.

రెండున్నర కిలోలు దాటాక పాపే మెలికలు తిరిగి, కాళ్లతో తన్ని బయటికి రావడం మొదలుపెట్టింది. అప్పుడు ఆపేశాం.

కొనాలా అంటే, ఇంట్లో మగవాళ్లు కట్టుకుంటామంటే కొనండి. ముందు చిన్న సైజు ఉందో లేదో అడగండి. తల్లికైతే పాత నూలు చీర చాలు.