లివర్ బయాప్సీ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు, ముక్కను ఏ సీసాలో వేస్తారో అడగండి

రిపోర్టు నిన్న సాయంత్రమే చేతికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కనుక వెనుకటి సంగతులు క్లుప్తంగానే చెబుతాను. మా అబ్బాయికి కొన్ని నెలలుగా లివర్ ఎంజైములు ఎక్కువగా ఉంటున్నాయి, రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ సెరులోప్లాస్మిన్ తక్కువగా వచ్చింది, కంటి పరీక్షలో రాగి వలయం కనిపించలేదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి కాలేయంతో మొదలైన వారిలో చాలామందికి ఆ వలయం ఉండదని, అనుమానం తీరాలంటే కాలేయంలో రాగి ఎంత పేరుకుందో కొలిపించాలని డాక్టరు గారు చెప్పారు. ఎండబెట్టిన కణజాలంలో గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే అది వ్యాధికి బలమైన ఆధారం. పిల్లవాడి కాలేయం నుంచి సూదితో ముక్క తీయించడానికి (బయాప్సీకి) మేము ఒప్పుకున్నది ఆ ఒక్క అంకె కోసమే.

స్కానింగు, బయాప్సీ, ల్యాబు ఖర్చు అన్నీ కలిపిన ప్యాకేజీకి ముందే డబ్బు కట్టాం. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ చూపించాం, ఆరు గంటలు ఏమీ తిననివ్వలేదు. దారపు పోగులాంటి ఆ ముక్క మొత్తాన్నీ టెక్నీషియన్ కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి మూత బిగించడం తలుపు దగ్గర నిలబడి కళ్ళారా చూశాను. రాగి పరీక్షకు కొంత విడిగా ఉంచరా అని అడిగితే, "అవన్నీ ల్యాబు వాళ్ళు చూసుకుంటారు, మీరు బయట కూర్చోండి" అన్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. అక్కడి నుంచే డాక్టరు గారికి ఒక్క ఫోను చేయకపోవడం నా తప్పు, దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

రిపోర్టులో కొవ్వు ఉందని, కొద్దిగా ఫైబ్రోసిస్ (కాలేయం మచ్చ కట్టడం) ఉందని రాశారు కానీ, రాగి అంకె లేదు. కౌంటరులో అడిగితే చీటీలో ఆ పరీక్ష రాసి లేదన్నారు. చీటీ తీసి రెండో వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆమె చదివి, చీటీని నా వైపు తోసి, "అది మా ప్యాకేజీలో రాదండీ, కావాలంటే ఇంకోసారి బయాప్సీ బుక్ చేసుకోండి" అన్నారు. మా వాడు కుడి పక్క చెయ్యి అదిమిపెట్టుకొని నా పక్కనే నిలబడి ఆ మాట విన్నాడు. ఇంకోసారి సూది గుచ్చడమంటే వారికి అంత తేలికైన మాట అయింది! స్లైడుల కోసం ముక్కను పొదిగిన మైనపు దిమ్మెలో మిగిలిన కణజాలంతోనూ రాగిని కొలవవచ్చని డాక్టరు గారి ద్వారా తెలిసి మళ్ళీ వెళితే, స్లైడులకు కోయగా మిగిలినది చాలదన్నారు.

మీరైతే ముక్కలో కొంత భాగాన్ని రాగి అంటని పొడి సీసాలో విడిగా ఉంచుతారా, దాన్ని ఏ ల్యాబుకు పంపుతారు అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. రంగు వేసిన స్లైడులో రాగి కనిపించలేదని ఎవరైనా చెబితే, వ్యాధి లేదని అనుకోకండి. ఈ వ్యాధికి కారణమయ్యే ఏటీపీ7బీ జన్యువు పరీక్ష ముందుగా చేయిస్తే బయాప్సీ అవసరమే తప్పుతుందేమో కూడా మీ డాక్టరును అడగండి. మేము ఇప్పుడు ఆ పరీక్షకే రక్తం ఇచ్చి వచ్చాం.