కడపలో సముద్రం చూసొచ్చాం

పోయిన వేసవిలో అక్క పిల్లలను నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కు తీసుకెళ్లాను. చిన్నది రోజంతా పీతల వెంట పరుగులు. పెద్దోడు మాత్రం అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతలను నోట్‌బుక్‌లో గీసుకున్నాడు. కడప ప్రాంతం ఒకప్పుడు సముద్రమే, ఇలాంటి గీతలు అక్కడి రాళ్ల మీదా ఉన్నాయి. అందుకే ఆ పేజీ పట్టుకుని ఈ సంక్రాంతి సెలవుల్లో గండికోటకు వెళ్లాం.

జమ్మలమడుగులో లాడ్జి తీసుకున్నాం. 900 రూపాయలకు గది శుభ్రంగానే ఉంది. పొద్దున ఆరింటికి మాత్రం కుళాయిలో చుక్క నీరు లేదు. "మోటరేస్తా ఉండాం సార్" అంటూ ఏడు దాటించారు. అక్కడి నుంచి కోట 15 కిలోమీటర్లు. ఆటో ఎక్కేముందే వెయిటింగ్ ఛార్జీ తేల్చుకోండి, మేం తేల్చుకోలేదు. సూర్యోదయం చూడాలనుకుంటే కోట దగ్గరున్న హరిత హోటల్లో దిగడమే మేలు.

లోయ అంచున అందరూ సెల్ఫీల్లో ఉంటే మేం నేల చూపులు చూస్తూ తిరిగాం. ఒక బండ మీద దొరికాయి, అచ్చం మైపాడు గీతలే! గీత గట్టు వాలు రెండు వైపులా సమానంగా ఉంటే అది అటూ ఇటూ ఊగే అలల పని. ఒక వైపు నిటారుగా ఉంటే ఒకే దిక్కుకు పారిన నీటి పని. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీశాం, సైజు తెలియడానికి.

మర్నాడు వేంపల్లె. అసలు చూడాల్సింది ఇక్కడే, బోర్డు మాత్రం మాకెక్కడా కనిపించలేదు. తెలిసిన జియాలజీ లెక్చరర్ వెంట రాకపోతే ఆ రాళ్ల మీదే కూర్చుని ఇడ్లీ తినేసి వచ్చేవాళ్లం. బాటిల్లో నీళ్లు పోయగానే కోసిన ఎర్రగడ్డలా పొరలు తేలాయి. సూక్ష్మజీవులు కట్టిన పొరల రాళ్లివి, స్ట్రోమటోలైట్లు అంటారు.

"సముద్రమంటే చేపలుండాల గదా మామా, యాడున్నాయి?" అంది చిన్నది.

చేపలు పుట్టకముందు సముద్రమిది. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. లోతులేని నీళ్లలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురు తివాచీలా పరుచుకుని, మీద పడ్డ మట్టిని, సున్నాన్ని పట్టుకుంటూ పొర మీద పొర కట్టాయి. గాలిలోకి ఆక్సిజన్ చేరిందీ ఇలాంటి వాటి పుణ్యమే. ఇప్పటికీ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇలాంటివి పెరుగుతున్నాయి. సుత్తి తెస్తానన్న పెద్దోడికి ఇంటి దగ్గరే వద్దని చెప్పాను. కొడితే ఇక పుట్టవు.

బెలూం గుహలూ కలుపుకోవచ్చు. సముద్రంలో పేరుకున్న సున్నపురాయిని తర్వాత భూగర్భ జలం కరిగించి 3,229 మీటర్ల మేర తొలిచింది. లోపల ఒకటే ఉక్క. పాఠం తక్కువే అయినా పిల్లలకు బాగా నచ్చింది ఇదే.

సున్నపురాయి పులుపుకు నురగ కక్కుతుందని లెక్చరర్ చెప్పారు. ఇంటికొచ్చీ రాగానే పిల్లలు వంటింటి కడప బండ మీద నిమ్మకాయ పిండారు, అదీ సున్నపురాయే. తెల్ల మచ్చ పడింది. అక్క ఇంకా నన్నే తిడుతోంది.