వద్దన్న పడవవాళ్ళు: కొత్తపట్నం నుంచి పులికాట్ దాకా

మా తీరంలో పడవ ఎక్కాలనుకునేవాళ్ళు చాలామంది ముందు గది చూసుకుని, బోటు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. మేం ముందు పడవవాణ్ణి వెతుక్కుంటాం. "రండి, ఎప్పుడైనా పోదాం, ఎంతమందైనా పర్లేదు" అన్నాడంటే ఆ ఊళ్ళో భోంచేసి వెనక్కి తిరుగుతాం. "ఈ పూట వద్దు, రేపు తెల్లారి గాలి చూసి చెప్తా" అనేవాడు దొరికితే గది ఎలా ఉన్నా సర్దుకుని ఉండిపోతాం. ఈ ఫిబ్రవరిలో ఒంగోలు నుంచి తడ దాకా కార్లో వెళ్తూ, నీళ్ళు కనిపించిన చోటల్లా ఆగుతూ చేసిన ప్రయాణంలో మాకు బాగా నచ్చిన చోటు కూడా అలా వద్దనిపించుకున్నదే.

మా ఆయన సరుకు ఓడల్లో చీఫ్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళయిన కొత్తలో కొన్నాళ్ళు నేనూ ఆయనతో ఓడలో ఉన్నాను. ఇప్పుడు మాకు తెరచాప కట్టిన చిన్న ఫైబర్ పడవ ఒకటుంది. కొత్తపట్నంలో తెలిసిన జాలరి కుటుంబం దాన్ని చూసుకుంటుంది. మా అబ్బాయి కూడా తండ్రి దారే పట్టి ట్యాంకరు మీద సెకండ్ ఆఫీసర్‌గా ఉన్నాడు. డిసెంబరులో దిగాల్సినవాడు, అతని బదులు ఎక్కాల్సిన రిలీవర్ రాలేదని కాంట్రాక్ట్ పొడిగించారు. క్రిస్మస్ కేక్ కోడలు వీడియో కాల్‌లో కోసింది. అమ్మాయికి మార్చిలో కాన్పు. ఈ రెంటికీ మధ్య దొరికిన ఖాళీలో బయలుదేరాం. చర్చి కూడికలో ప్రార్థనాంశాలు అడిగినప్పుడల్లా నేను ఈ రెండే చెప్తున్నానని స్త్రీల సమాజంలో నవ్వుతున్నారు.

మొదట కొత్తపట్నం. మేం తెరచాప ఎత్తేది జనవరి నుంచి మార్చి దాకానే. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా వాయుగుండాల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఊళ్ళో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, చెయ్యందించే మనిషి దొరకడు. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, ఎండ ఎక్కాక దిశ మారి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది. ఇంజిన్లు లేని రోజుల్లో జాలర్లు ఆ గాలితో పోయి ఈ గాలితో వచ్చేవాళ్ళు. మేమూ ఇప్పటికీ అంతే. ఇక్కడ జెట్టీ లేదు, పడవను ఇసుక మీద నుంచి నెట్టి, ఒడ్డున విరిగే కెరటాలను దాటించాలి. ఆ కాసేపే కష్టం. అవి దాటాక ఇంజిన్ చప్పుడు లేకుండా, గుడ్డకు గాలి తగిలే శబ్దంతో పోతుంటే మా ఆయన ముఖం చూడాలి. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైతే పది మాటలనే మనిషి అక్కడ నోరెత్తరు.

బస మాత్రం ఒంగోలులోనే చూసుకోండి. కొత్తపట్నం ఆదివారం సాయంత్రాలు కిటకిటలాడుతుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు మామూలు రోజు పొద్దునే మేలు. ఒంగోలులో మేం బంధువుల ఇంట్లో ఉన్నాం కాబట్టి హోటళ్ళ గురించి చెప్పలేను. ఆదివారం జూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చిలో ఆరాధనకు వెళ్ళి, ఎండ తగ్గాక ప్రార్థన కొండ ఎక్కాం. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ మీద మోకరించి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. ఆ మిషనరీ, క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ళ తర్వాత! నేను రెండు నెలల కాంట్రాక్ట్ పొడిగింపుకే దేవుణ్ణి నిలదీస్తున్నాను.

ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో బకింగ్‌హామ్ కాలువ దాటుతాం. ఆగి చూసేంత అందం లేదు. గుర్రపుడెక్క, ఒండ్రు, పక్కన రొయ్యల చెరువులు. కానీ దీని కథ తెలిసినవాళ్ళు ఆగకుండా పోలేరు. పెద్దగంజాం నుంచి మద్రాసు దాటి దక్షిణానికి, సముద్రం పక్కనే నడిచే ఉప్పునీటి కాలువ ఇది. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, కట్టెలు, మనుషులు అన్నీ దీని మీదే తెరచాప పడవల్లో పోయేవి. గాలి లేనప్పుడు గట్టు మీద నుంచి తాడుతో లాగేవాళ్ళు. ధాత కరువు వచ్చిన 1876–78లో కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. తన సంఘంవాళ్ళు ఆకలికి చచ్చిపోతుంటే చూడలేక క్లౌ దొరగారు సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని తనే కాంట్రాక్ట్‌గా తీసుకుని, వేలమందికి అక్కడ కూలి ఇప్పించారు. పని మధ్యలో సువార్త విన్న జనం బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వనన్నారు. కూలి కోసం, గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. పని ముగిశాక, ఇక పంచడానికి తన దగ్గరేమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మన సంఘాల్లో ఆ 2,222 అంకెనే పదేపదే చెప్తారు. నాకు మాత్రం అంతకుముందు ఏడాదికి పైగా ఆయన వద్దంటూ వచ్చిన కాలమే పెద్దదిగా కనిపిస్తుంది. ఎదురుగా జనం నిలబడి అడుగుతుంటే, అమెరికాలో మిషన్ పైవాళ్ళకు లెక్కలు రాసి పంపాల్సిన మనిషి ఆగడం మాటలా?

రామాపట్నంలో ఎక్కువసేపు ఆగలేదు. 1870ల నాటి బాప్టిస్టు సెమినరీ, సముద్రపు గాలి, పాస్టర్లుగా వెళ్ళిన మా తాతల తరం చదువుకున్న చోటు. అంతే, టీ తాగి కదిలాం. పర్యాటకుల కోసం అక్కడ ఏమీ లేదు, ఉండాలని నాకూ అనిపించలేదు. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ మా ఆయన కోసం చూశాం. ఆయనకు జెట్టీ గోడలు, లంగరు గూటాలు చూపిస్తే చాలు.

ఆ రాత్రి హైవే పక్కన ఒక ఊళ్ళో లాడ్జి. పేరెందుకులెండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి వెళ్తే "మాకు రాలేదు, మళ్ళీ కట్టండి" అన్నారు. ఏసీ గది అన్నారు, ఏసీ ఉంది, రిమోట్ లేదు. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిన కుర్రాడు మాత్రం బంగారం. తన చెల్లెలి నర్సింగ్ సీటు కోసం ప్రార్థన చేయమన్నాడు, మేం క్రైస్తవులమని బైబిలు చూసి తెలుసుకున్నాడేమో. అక్కడికక్కడే చేశాం. రివ్యూలో స్టార్లు ఇవ్వాల్సి వస్తే లాడ్జికి ఒకటి, అబ్బాయికి అయిదు.

మైపాడు బీచ్ బాగుంది. నెల్లూరు నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు మంచిది, టూరిజంవాళ్ళ రిసార్ట్ సముద్రానికి దగ్గర. కిటికీ తెరిస్తే రాత్రంతా హోరు వినిపిస్తూనే ఉంటుంది. నాకు నిద్ర పట్టలేదు, ఆయన గురక పెట్టారు. భోజనానికి ముందే చెప్పి పెట్టుకోవడం మేలు, అప్పటికప్పుడు అడిగితే ఏముంటే అదే. సముద్రంలో మాత్రం మోకాలి లోతు దాటొద్దు, అక్కడ అల వెనక్కి లాగుతుంది. బీచ్‌లో ఒకతను మమ్మల్నీ, మరో పెద్ద కుటుంబాన్నీ కలిపి ఒకే పడవలో "రౌండ్" తిప్పుతానని పిలిచాడు. లైఫ్ జాకెట్లేవని మా ఆయన అడిగితే "ఏం కాదు సార్, రోజూ తిప్పతానే ఉంటా" అన్నాడు. నవ్వి వచ్చేశాం. ఆ కుటుంబానికి కూడా చెప్పి చూశాం. వాళ్ళు మమ్మల్ని పిరికివాళ్ళను చూసినట్టు చూసి ఎక్కారు, క్షేమంగానే దిగారు. అయినా నా మాట అదే.

నెల్లూరులో మామిడికాయ వేసిన చేపల పులుసు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కృష్ణపట్నం వైపు వెళ్ళకపోయినా నష్టం లేదు, అది పని చేసుకునే పోర్టు. నెల్లూరులో చూడాల్సింది పాత మిషన్ ఆవరణ. 1840లో డే దొరగారు మొదలుపెట్టిన ఈ మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. పటం మీద ఒంటరిగా ఉన్న నెల్లూరు చుక్కను చూసే దీనికి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అని పేరొచ్చింది. మూసేయడానికి వీల్లేదని పట్టుబట్టినవాళ్ళలో, మనం కొండ మీద తలుచుకున్న జూయెట్ గారు ఒకరు.

ఇక పులికాట్ సరస్సు. సూళ్ళూరుపేటలో ఉన్నాం, గది చిన్నది, శుభ్రంగా ఉంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో, ఫ్లెమింగో పండుగ రోజుల్లో గది దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి. పొద్దున్నే శ్రీహరికోట రోడ్డు మీద, చెరువు మధ్యలో ఆగితే చాలు, డబ్బు ఖర్చు లేకుండా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు). వాచ్ టవర్ మెట్లు మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆలోచించి ఎక్కండి.

తడ దగ్గర భీములవారిపాలెంలో, అందరూ బీవీ పాలెం అంటారు, ఇరకం దీవికి పడవ అడిగాం. ఆకాశం నిర్మలంగా ఉంది. పడవాయన నడివయసు మనిషి, నీళ్ళవైపే చూస్తూ మాట్లాడాడు. "ఈ పొద్దు వద్దు సార్. గాలి లేస్తా ఉండాది. పోయేదానికి పోతాం, వచ్చేదానికి నేను మాట ఇయ్యలేను."

"నేను ముప్ఫై ఏళ్ళు ఓడల్లో తిరిగినవాణ్ణయ్యా" అన్నారు మా ఆయన.

"పెద్ద నీళ్ళు వేరు సార్, ఇవి వేరు" అన్నాడతను.

మా ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. అతని భుజం తట్టి, టీ తాగుదాం రమ్మన్నారు. తర్వాత నాకు వివరించారు. పులికాట్ వెడల్పు చాలా ఎక్కువ, లోతు చూస్తే చాలాచోట్ల గడకర్ర నేలను తాకేంతే. అలాంటి నీళ్ళలో గాలి లేస్తే అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తుంది. చిన్న పడవకు సముద్రపు పెద్ద అల కంటే ఇదే ప్రమాదం.

ఆ సాయంత్రం గదిలో అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం చదువుకున్నాం. ఆయనకు ఓడ చదువు కంటే ముందు నుంచీ ఇష్టమైన అధ్యాయం. ఇప్పుడు బయలుదేరితే నష్టమని ఖైదీగా ఓడలో ఉన్న పౌలు చెప్తే, అతన్ని తీసుకెళ్తున్న రోమా శతాధిపతి నావికుడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అంతా బాగుందనుకుని లంగరెత్తారు. తర్వాత ఊరకులోను అనే పెనుగాలి, పద్నాలుగు రాత్రులు, ఓడలో 276 మంది. చివర్లో ఓడ వెనుక వైపు నుంచి నాలుగు లంగర్లు వేసిన చోట మా ఆయన ఎప్పుడూ ఆగి చెప్తారు: మామూలుగా లంగరు ముందు నుంచి వేస్తారు, వెనుక నుంచి వేస్తే ఓడ ముందుభాగం ఒడ్డు వైపే నిలుస్తుంది, తెల్లారగానే తాళ్ళు కోసి నేరుగా ఒడ్డుకు తోలొచ్చు. రాసినవాడు ఆ ఓడలో ఉన్నాడనడానికి నాకు ఆ వాక్యం చాలు అంటారు.

నా ఆలోచన మాత్రం అబ్బాయి మీదికి పోయింది. మొన్న ఒక విశ్వాసి ఫోన్ చేసి, "రిలీవర్ రాకపోవడం కూడా దేవుని చిత్తమేనమ్మా, స్తోత్రం చెప్పండి" అన్నారు. నేను చెప్పలేకపోయాను. మనిషిని కాపాడాలని చెప్పే "వద్దు" ఒకటుంది, పడవాయనదీ క్లౌ దొరగారిదీ అలాంటివి. టికెట్టు ఖర్చు వాయిదా వేయడానికి కంపెనీ చెప్పే "ఇప్పుడు కాదు" ఇంకొకటి. రెంటినీ ఒకే గంపలో వేసి దేవుడి నెత్తిన పెట్టడం నాకు భక్తిగా అనిపించదు. మా ఆయన కంపెనీకి మరో ఈమెయిల్ పెట్టారు. నేను ప్రార్థన చేశాను. రెండూ చేయాల్సిన పనులే.

మర్నాడు తెల్లవారగానే పడవాయనే ఫోన్ చేశాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంజిన్ కాసేపు, తర్వాత గడకర్ర. మధ్యలో ఇసుక తగిలి పడవ ఆగితే దిగి నెట్టాడు, మా ఆయన కూడా ప్యాంటు మడిచి దిగారు. ఇరకంలో స్కూలు పిల్లలు, పెరుగు క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు అన్నీ పడవలోనే వస్తాయి, పోతాయి. చూడటానికి వింతగా ఉంటుంది కానీ అక్కడ పురుటి నొప్పులొచ్చిన అమ్మాయికి అదెంత టెన్షనో, కాన్పు దగ్గరపడ్డ కూతురున్న నాకు తెలుసు. దీవిలో బస చేసే ఏర్పాటు మాకు కనిపించలేదు, నీళ్ళు, తినేవి తీసుకెళ్ళండి. లైఫ్ జాకెట్లు పాతవే గానీ అందరికీ ఉన్నాయి, ఎక్కేముందే కట్టించాడు. ముందు చెప్పిన డబ్బు కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

పక్కనున్న వేనాడు దీవి కూడా చూడాలనుకున్నాం. ఒడ్డుకు వచ్చేసరికి అల్లుడి ఫోన్: డాక్టరు తేదీ ముందుకు జరిపారు, అమ్మాయిని ఈ వారంలోనే చేర్చాలి. గది ఖాళీ చేసి బయలుదేరాం. వేనాడుకు పడవాయన దగ్గర కొంత అడ్వాన్స్ ఇవ్వబోతే తీసుకోలేదు. మార్చి దాటితే నీళ్ళు తగ్గిపోతాయని, వానలు పడి చెరువు నిండాక, తుఫాన్లు పోయాక జనవరిలో ముందురోజు ఒక్క ఫోన్ చేసి రమ్మన్నాడు.