పిల్లలు, టీనేజర్లు వినియోగదారులుగా: ఈ రంగంలోని విద్యాసదస్సులపై ఒక సమీక్ష

పిల్లలు ఏం కొంటున్నారు, ఏం కొనిపిస్తున్నారు, ఆ కోరికలు వారిలో ఎలా పుడుతున్నాయి అన్న ప్రశ్నలపై పనిచేసే పరిశోధకులు కలుసుకునే వేదికలు చాలా తక్కువ. వాటిలో ముందుగా చెప్పుకోవలసింది ‘చైల్డ్ అండ్ టీన్ కన్సంప్షన్’ పేరుతో రెండేళ్లకొకసారి జరుగుతూ వచ్చిన సదస్సు. 2004లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్‌లో మొదలైన ఈ సదస్సు 2006లో కోపెన్‌హాగన్‌కు, 2008లో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌కు, 2012లో మిలాన్‌కు, 2014లో ఎడిన్‌బరోకు వెళ్లింది. దీనితోపాటు మార్కెటింగ్, మీడియా, ప్రజారోగ్య శాఖలు ఇదే అంశంపై ఏర్పాటు చేసే చిన్న గోష్ఠులను కూడా దృష్టిలో ఉంచుకుని, ఇటువంటి సదస్సుకు సమయం, రుసుము వెచ్చించే పరిశోధకుడికి దక్కేదేమిటో ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ సదస్సుల అసలు బలం, మామూలుగా ఒకరి వ్యాసాలు ఒకరు చదవని రెండు వర్గాలను, అంటే మార్కెటింగ్ పరిశోధకులను, బాల్యాన్ని అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్తలను, ఒకే గదిలో కూర్చోబెట్టడం. పిల్లలు కొనుగోలుదారులుగా ఎలా తయారవుతారన్న ప్రశ్నకు 1974లో మార్కెటింగ్ పరిశోధకుడు స్కాట్ వార్డ్ ఒక చట్రాన్ని ఇచ్చారు. అప్పటినుంచి 25 ఏళ్లపాటు వచ్చిన పరిశోధనను 1999లో అదే రంగానికి చెందిన డెబొరా రోడర్ జాన్ సమీక్షించి, మూడు నుంచి ఏడేళ్లు, ఏడు నుంచి పదకొండేళ్లు, పదకొండు నుంచి పదహారేళ్లు అని ఎదుగుదలను మూడు దశలుగా విభజించారు. మార్కెటింగ్ వైపునుంచి వచ్చేవారిలో చాలామంది ఈ దారిలోనే ఆలోచిస్తారు. బాల్యాన్ని అధ్యయనం చేసే సామాజిక శాస్త్రవేత్తల అభ్యంతరం కూడా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. పిల్లవాడిని ఇంకా పూర్తిగా తయారుకాని పెద్దమనిషిగా లెక్కగట్టడం వల్ల, ఈ రోజు వాడు స్నేహితుల మధ్య ఒక వస్తువుతో ఏం చేస్తున్నాడో కనబడకుండా పోతుందని వారి వాదన. ఎవరి సదస్సులో వారు మాట్లాడుకుంటే ఈ రెండు దృక్పథాలకూ ప్రశ్న ఎదురుకాదు. ఇక్కడ మాత్రం వయసు దశల పట్టిక చూపించిన వక్తకు, ఇంట్లో డబ్బు కొరత తెలిసి అడగడమే మానేసిన పిల్లవాడు ఈ పట్టికలో ఎక్కడ ఉంటాడన్న ప్రశ్న వస్తుంది, దానికి ఆ వక్త జవాబు చెప్పుకోవలసిందే. ఇటువంటి ఘర్షణకు అవకాశం ఉన్నప్పుడే సదస్సు తన పేరు నిలబెట్టుకుంటుందని నా అభిప్రాయం.

నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి పరిశోధనా పద్ధతులపై జరిగే సమావేశాలు. పెద్ద హాలులో జరిగే కీలకోపన్యాసాలకు వచ్చినంత మంది వీటికి రారు, అది విచారించదగ్గ విషయం. పిల్లలను ప్రశ్నించడం ఎంత కష్టమో అచ్చయిన వ్యాసం చెప్పదు. బడిలో ఉపాధ్యాయుడి ఎదుట అడిగితే పిల్లలు ‘సరైన జవాబు’ కోసం వెతుకుతారు. తల్లి పక్కన కూర్చుంటే మిఠాయిల సంగతి దాస్తారు. స్నేహితుల గుంపులో ఖరీదైన బూట్లు తమ దగ్గర లేవని ఒప్పుకోరు. అందుకే బొమ్మలు గీయించడం, తమ గదిని తామే ఫొటోలు తీసి వివరించమనడం, దుకాణంలో పిల్లల వెంట నడుస్తూ మాట్లాడించడం వంటి దారులు వెతుకుతున్నారు. వాటిలో ఏది ఎక్కడ విఫలమైందో పరిశోధకుల నోటే వినగలగడం మరోచోట దొరకని లాభం. తల్లిదండ్రుల అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఒప్పుకున్నట్టు కాదనీ, మధ్యలో వద్దనే హక్కు వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలనీ ఈ సమావేశాల్లో గట్టిగా వాదించేవారు ఉండటం ఆరోగ్యకరమైన లక్షణం.

ప్రభుత్వ విధానాల చర్చ మాత్రం అసమంగా ఉంటుంది. పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలను కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1980 నుంచి నిషేధించింది. పన్నెండేళ్ల లోపువారిని లక్ష్యం చేసుకునే టీవీ ప్రకటనలను స్వీడన్ 1991 నుంచి అనుమతించడం లేదు. ఈ ఉదాహరణలపై చర్చ లోతుగా, అనుభవంతో సాగుతుంది. కానీ ఇప్పటి పిల్లలకు ప్రకటన, కార్యక్రమం మధ్య విరామంలో రాదు. వారు ఆడే ఆటలోనే, వారు అభిమానించే మరో పిల్లవాడి వీడియోలోనే కలిసిపోయి వస్తుంది. వీడియో ఆటల్లో, లోపల ఏముందో తెలియకుండానే డబ్బు చెల్లించి తెరిచే ‘లూట్ బాక్సుల’లో కొన్నిటిని 2018లో బెల్జియం జూద చట్టం కిందికి తెచ్చింది. ఆన్‌లైన్ వీడియోల్లో పనిచేసే పదహారేళ్ల లోపు పిల్లల ఆదాయానికి, పనివేళలకు 2020లో ఫ్రాన్స్ చట్టం చేసింది. ఈ మార్పులపై వచ్చే పత్రాల్లో చట్టం వివరణ ఎక్కువ, పిల్లలపై దాని ప్రభావానికి ఆధారాలు తక్కువ. పత్రం సారాంశాన్ని సదస్సుకు పంపిన నాటికీ ఆ పత్రం చదివే నాటికీ మధ్య నెలలు గడిచిపోవడం కూడా ఇందుకు ఒక కారణం.

ఏర్పాట్ల విషయంలో పాత లోపాలే కొనసాగుతున్నాయి. ఆహార ప్రకటనల సమావేశం, డిజిటల్ ఆటల సమావేశం ఒకే గంటలో వేర్వేరు గదుల్లో పెడితే, ఆ రెండిటినీ కలిపి ఆలోచించవలసిన వారు ఒకదాన్ని వదులుకోవాలి. పదిహేను, ఇరవై నిమిషాల ప్రసంగంలో సింహభాగం సిద్ధాంత పరిచయానికే పోయి, పిల్లలు అన్న మాటలు చివరి రెండు స్లైడ్లలోకి కుదించుకుపోవడం మరీ బాధ కలిగిస్తుంది. పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారన్నది మొదటి స్లైడులోనే చెప్పాలన్న నియమం ప్రతి సదస్సులోనూ ఉండాలి. బొమ్మల కంపెనీలు, ఆహార కంపెనీలు ఆసక్తి చూపే రంగంలో ఇది అదనపు మర్యాద కాదు, కనీస అవసరం.

తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండవ అధికరణం పిల్లలకు ఇచ్చింది. పిల్లల గురించి రోజంతా మాట్లాడే ఈ సదస్సుల్లో వారి గొంతు ఉటంకింపుల్లో తప్ప వినబడకపోవడం నాకు మింగుడుపడదు. తగిన రక్షణలతో, కనీసం టీనేజర్లనైనా సహపరిశోధకులుగా వేదికపైకి తీసుకురావచ్చు.

పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్న విద్యార్థులకు ఈ సదస్సులను నిస్సంకోచంగా సూచిస్తాను. గుంపు చిన్నది కావడం వల్ల, తాము ఉటంకించే రచయితలతో భోజన విరామంలోనే నేరుగా మాట్లాడగలుగుతారు. రేపు తరగతి గదిలోనో, ఇంట్లోనో అమలు చేయగల సలహా కోసం వచ్చే ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నిరాశ తప్పకపోవచ్చు. వెళ్లదలచినవారు సారాంశాల పుస్తకాన్ని ముందే చదివి, తమ శాఖకు చెందని గదులనే ఎక్కువగా ఎంచుకోవడం మంచిది.