కడియపులంకలో సక్యులెంట్లు: ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

ముందే చెప్పేస్తా. సక్యులెంట్లలో, అంటే ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకునే మొక్కల్లో, ఎడీనియం (ఎడారి గులాబీ), హవర్తియా, చిన్నాకు జేడ్ కావాలంటే కడియం నర్సరీలను మించిన చోటు మన దగ్గర నాకు కనిపించలేదు. ఇన్‌స్టాలో చూసి ముచ్చటపడే, గులాబీ పువ్వులా ఆకులు పేర్చినట్టుండే ఎచెవేరియాల కోసమే అయితే మాత్రం పెట్రోలు దండగ.

విజయవాడ వైపు నుంచి వస్తే రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గోదావరి వంతెన దిగాక కొంత దూరంలో హైవేకి రెండు పక్కలా కుండీల వరసలు మొదలవుతాయి. కొత్తగా వెళ్లేవాళ్లు రోడ్డు మీద కనిపించిన మొదటి పెద్ద షాపు ముందే బండి ఆపేస్తారు. అవి సెరామిక్ కుండీలు, లైట్లు పెట్టి ముస్తాబు చేసిన షోరూములు, రేట్లూ అలాగే ఉంటాయి. లోపలికి బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు వైపు వెళ్తేనే మొక్కలు పెంచే అసలు నర్సరీలు. వాళ్లకు లారీ లోడ్ల బేరాలు, మనం రెండు మొక్కలు అడిగితే కొందరు తల కూడా ఎత్తరు, నొచ్చుకోకండి. "మీరు చూసుకోండమ్మా, కావల్సినవి పక్కన పెట్టుకోండి, లెక్క తర్వాత చూద్దాం" అనేవాళ్లూ ఉంటారు, అక్కడ ఆగండి.

ఎడీనియంల దగ్గరే నాకు ఎక్కువ టైం పట్టింది. ఒక్కో షేడ్ నెట్ కింద ఎన్ని రంగులో, ముద్ద పూలు, అంచు నలుపు తిరిగిన ఎరుపు, పసుపు, అన్నీ అంటు మొక్కలే. పువ్వు చూసి పడిపోకుండా కాండం చూడండి. అంటు కట్టిన చోట ప్లాస్టిక్ రిబ్బన్ ఇంకా ఉంటే విప్పి చూపించమనండి, అతుకు పూర్తిగా మూసుకుని ఉండాలి. తర్వాత ఉబ్బిన మొదలును బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే తీసుకోండి. మెత్తగా ఉందంటే నీళ్లు చాలక కావచ్చు, కుళ్లు కావచ్చు, మట్టి తడిగా ఉన్నా మొదలు మెత్తగా తగిలితే అది కుళ్లే, ఎంత తగ్గించి ఇస్తానన్నా వదిలేయండి. ఇంటికొచ్చాక అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి మీరు కొన్న రంగు పోయి మామూలు గులాబీ రంగు పువ్వు మిగులుతుంది. ఎడీనియం పాలు విషం, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు, కాబట్టి కొమ్మలు కోశాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలుంటే పై అరలో పెట్టండి. రేటు? నర్సరీలో తీసుకున్నవి ఆన్‌లైన్ ధరలో సగానికి అటూ ఇటూగా పడ్డాయి, పైగా మొక్క రెట్టింపు సైజు.

హవర్తియాలకైతే పెద్దగా పరీక్షలు అక్కర్లేదు. పిలకలు తీసే ఆవిడ పక్కన నిలబడితే, తల్లి మొక్కను బోర్లించి, మట్టి దులిపి, వేరుతో సహా ఒక్కో పిలకనూ వేలితో విడదీసి ఇచ్చింది. ఒకటి కొంటే ఇంకోటి ఊరికే చేతిలో పెట్టింది కూడా. ఇవి నేరుగా ఎండ పడని బాల్కనీలో హాయిగా పెరుగుతాయి.

ఇక నచ్చనిది మట్టి. అక్కడ మొక్కలు చాలావరకు బంకమట్టి ఉండతోనే వస్తాయి. లారీలో రాష్ట్రాలు దాటినా ఉండ విడిపోకూడదు కదా, వాళ్ల అవసరం అది. సక్యులెంట్‌కి మాత్రం అదే గండం, ఎండితే రాయి, తడిస్తే వారమైనా ఆరదు. కొన్న వారంలోపే ఉండ నానబెట్టి, వేళ్లు తెగకుండా మట్టి కడిగేసి, నీడన రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త కోకోపీట్ (కొబ్బరి పొట్టు), గుప్పెడు వేపపిండి కలిపిన మిశ్రమంలో నాటండి. నాటిన వెంటనే నీళ్లు పోయొద్దు, ఎక్కడైనా వేళ్లు తెగి ఉంటే మానాలి.

రోడ్డు పక్క ఒక షాపులో జరిగింది కూడా చెప్పాలి, పేరు అనవసరం. చిన్న కాక్టస్ నెత్తిన పసుపు పువ్వు, "వాడదండి, ఆర్నెల్లు అలాగే ఉంటుంది" అన్నాడు. ఎందుకు వాడుతుంది, గమ్ గన్‌తో అతికించిన ఎండు పువ్వది! గోటితో కదిపితే కింద గమ్ము కనిపించింది, ముళ్లు కూడా విరిగి ఉన్నాయి. అదే షాపులో రెడీమేడ్ పళ్లేల్లో మొక్కల చుట్టూ తెల్ల రాళ్లు పేర్చారు, ఒక్క రాయీ కదలదు, అవీ గమ్ముతోనే. నీళ్లు ఎటు దిగాలి మరి? అలాంటి పళ్లెం ముట్టుకోకండి. ఎర్రగా, పసుపుగా బంతి కూర్చోబెట్టిన మూన్ కాక్టస్ మోసం కాదు కానీ, ఆ పై బంతిలో పత్రహరితం లేదు, కింది పచ్చ కాండం పెట్టే తిండి మీదే బతుకుతుంది. చాలావరకు కొన్నేళ్ల సరదా అనుకుని కొనండి.

ఎచెవేరియాల గురించి ఒక పెద్దాయన నిజాయితీగా చెప్పేశాడు. "ఆయ్, ఇవి బెంగళూరు నుంచి తెప్పిస్తామండి. మే దాటితే నన్ను అడగొద్దు." కారణం ఉంది. ఇవి రాత్రి చల్లబడ్డాకే ఆకు రంధ్రాలు తెరుస్తాయి, మన వేసవిలో రాత్రులే ఉడికిపోతుంటే ఏం చేస్తాయి పాపం. ఆ ఆకారమే కావాలంటే గ్రాప్టోపెటాలం, అదే ఘోస్ట్ ప్లాంట్ అడగండి. విజయవాడ మేడ మీద కూడా యాభై శాతం షేడ్ నెట్ కింద నాది వేసవి దాటింది.

తెచ్చుకున్నాక పని కూడా సీజన్‌ని బట్టే. ఆకుల నుంచి పిల్లలు చేయాలంటే కార్తీకం, మార్గశిరం బాగుంటాయి, ఘోస్ట్ ప్లాంట్ ఆకును మొదలు తెగకుండా లాగి పొడి ఇసుక మీద పడేస్తే చాలు, కొన్నాళ్లకు లేత గులాబీ రంగు వేళ్లు వస్తాయి. కలాంచో చలికాలం పూయాలంటే దానికి పొడుగాటి చీకటి కావాలి, దసరా వెళ్లినప్పటి నుంచి బాల్కనీ ట్యూబ్‌లైట్ పడని మూలకు జరపండి. ఎండాకాలం గడ్డిగులాబీ, పగిలిన టబ్బులో కొమ్మ ముక్కలు గుచ్చినా పూస్తుంది. వానాకాలం పనల్లా కుండీలను చూరు కిందికి చేర్చడం, పిండినల్లి పట్టిందేమో ఆకుల సందుల్లో చూసుకోవడం.

మొక్కలకు నాలుగున్నర స్టార్లు, రోడ్డు పక్క షోరూములకు రెండు. ఆదివారాలు, సంక్రాంతి ముందు రోజులు తప్ప ఎప్పుడైనా వెళ్లండి, ఉదయం ఎండెక్కక ముందే. పాత పేపర్లు, అట్టపెట్టెలు మీరే పట్టుకెళ్లండి. వాళ్ల ప్యాకింగ్ అంటే ఒక పెద్ద కవరు, ఎడీనియం కొమ్మలు అందులోనే విరుగుతాయి.