దామిని యాప్: క్రికెట్ క్యాంప్‌లో రెండు వేసవులు వాడాక

వేసవి సెలవుల్లో విశాఖ ఎంవీపీ కాలనీలో సాయంత్రాలు పిల్లలకు క్రికెట్ నేర్పుతాను. ఇరవై రెండు మంది, అందరూ పద్నాలుగేళ్ల లోపు వాళ్లే. గ్రౌండ్‌లో నీడంటే మూలనున్న ఒక్క చింతచెట్టు. పిడుగులు పడే వేళ అస్సలు నిలబడకూడని చోటు అదే, కానీ నాలుగు చినుకులు పడితే పిల్లలు పరిగెత్తేది దాని కిందికే. ఆ టెన్షన్‌తోనే దామిని పెట్టుకున్నాను.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు తయారుచేసిన ఉచిత యాప్ ఇది. లొకేషన్ ఆన్ చేస్తే మనం ఉన్న చోటు చుట్టూ మ్యాప్‌లో ఎక్కడెక్కడ పిడుగులు పడ్డాయో చుక్కలు కనిపిస్తాయి. ఎంతసేపటి కిందట పడిందో రంగును బట్టి తెలుస్తుంది.

పోయిన మే నెలలో ఒకరోజు నాలుగున్నరకి సముద్రం వైపు ఆకాశం నిర్మలంగా ఉంది. సింహాచలం కొండ మీద మాత్రం మబ్బు. ఫోన్ తీస్తే పెందుర్తి దగ్గర చుక్కలు. ఐదు నిమిషాలాగి చూస్తే ఇంకా ఇటు జరిగాయి. ఆట ఆపేశాను. "సార్, ఒక్క ఓవర్ సార్!" అని ఒకటే గోల. అందరినీ పక్క స్కూల్లోకి తీసుకెళ్లి, వరండాలో కాకుండా తలుపులున్న గదిలో కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలకు ఈదురుగాలి మొదలైంది. నెట్స్ కట్టిన ఇనుప స్తంభం ఒకటి, మేం రోజూ వరసలో నిలబడే చోటే పడింది.

2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. తుపానుకైతే రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. ఈ వేసవి గాలివానకు అంత వ్యవధి ఉండదు. ఉన్న ఆ కాస్త సమయం ఈ యాప్ వల్ల నా చేతికొచ్చింది.

అలాగని మ్యాప్ ఖాళీగా ఉంటే ధీమాగా ఉండకండి. ఉరుము వినబడిందంటే పిడుగు మన దాకా రాగలదనే లెక్క. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా పిల్లల్ని బయటికి వదలను. యాప్‌కు నెట్ కావాలి. నా ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నన్నాళ్లూ నోటిఫికేషన్లు రాలేదు, ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి.

ఎండ సంగతి ఇందులో తెలియదు, దానికి వాతావరణ శాఖ వాళ్ల మౌసమ్ యాప్ చూస్తాను. "36 డిగ్రీలే కదా సార్" అంటారు తల్లిదండ్రులు. మన విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఇరవై నిమిషాలకోసారి ఆట ఆపి నీళ్లు తాగిస్తాను. ఎవరికైనా తల తిరిగిందంటే ఆ రోజుకి బ్యాట్ పట్టనివ్వను.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ స్కూల్ వాళ్లను అడిగితే ఈ ఏడాది గది తాళంచెవి నాకే ఇచ్చారు. అది కిట్ బ్యాగ్‌లో బంతుల పక్కనే ఉంటుంది.